వాటా చెప్పింది కోర్టు, నీళ్ళ వంతు తేల్చుకుంది మేమే

మా నాన్న 2017లో పొలం పంపకాల కేసు గెలిచాడు. ఆరేళ్ళు తిరిగిన కేసు. ప్లీడరు గారు ఫోన్ చేసి డిక్రీ అయిందని చెప్పగానే అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది, నేను హైదరాబాద్ నుంచి ఆ రాత్రే బస్సెక్కి వెళ్ళా, తీరా వెళ్తే నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు, మొహంలో గెలిచినవాడి కళ ఏం లేదు. ఏంటి నాన్నా అంటే "మూడో వంతు నాదని రాశారు, బాగానే ఉంది, నా మూడో వంతులోకి ట్రాక్టర్ ఎట్నుంచి పోవాలి, నీళ్ళు ఎక్కడ్నుంచి రావాలి" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు దొరకటానికి ఇంకో ఐదేళ్ళు పట్టింది, ఆ జవాబు కోర్టు హాల్లో కాకుండా అదే కాంపౌండ్‌లో పక్కనున్న ఒక చిన్న గదిలో, మీడియేషన్‌లో, అంటే మధ్యవర్తి దగ్గర కూర్చుని మేమే మాట్లాడుకుంటే దొరికింది. దాని గురించి రాయాలని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నా, ఎందుకంటే మా చుట్టాల్లోనే ఇప్పుడు ఇంకో రెండిళ్ళ వాళ్ళు దావా వేసుకునే ఆలోచనలో ఉన్నారు, వాళ్ళకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట మొత్తం రాస్తే నయం అనిపించింది.

విషయం ఏంటంటే మాది పల్నాడు వైపు మెట్ట ఊరు, మిరప, పత్తి. తాతయ్య పేరు మీద 4 ఎకరాల 20 సెంట్లు ఒకే ముక్క. పడమర పక్క తారు రోడ్డు, తూర్పుకి పోయేకొద్దీ లోపలికి, దారి లేదు. తాతయ్యకి ముగ్గురు, మా అత్తయ్య పెద్దది, తర్వాత నాన్న, తర్వాత బాబాయి. 1994లో తాతయ్య బతికుండగానే ఊళ్ళో పెద్దమనుషులు నలుగురు కూర్చుని పొలాన్ని నాన్నకీ బాబాయికీ చెరి సగం అని ఒక తెల్ల కాగితం మీద రాశారు. రోడ్డు పక్క సగం బాబాయికి, లోపలి సగం నాన్నకి, దానికి బదులు నాన్నకి ఊళ్ళో ఇల్లు. అత్తయ్య ఊసే లేదు అందులో, పెళ్ళయిపోయింది కదా అని. ఆ కాగితానికి స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, కింద నాలుగు సంతకాలు రెండు వేలిముద్రలు అంతే. ఆ కాగితాన్ని నమ్ముకునే బాబాయి 1996లో తన భాగం అనుకున్న మూల అప్పు చేసి బోరు వేయించాడు. నీళ్ళు బాగా పడ్డాయి. మొదట్లో నాన్న కూడా ఆ నీళ్ళే వాడుకునేవాడు, ఎవరూ ఏం అనుకోలేదు. 2008లో తాతయ్య పోయాక మాటలు తేడా వచ్చాయి, బాబాయి నీళ్ళు ఆపేశాడు, దారికి అడ్డంగా ముళ్ళకంప వేశాడు. నాన్న 2011లో సబ్ కోర్టులో భాగపరిష్కారం దావా వేశాడు, అసలు పంపకాలే జరగలేదు, అంతా ఉమ్మడే అని.

ఇక్కడ ఒకటి చెప్పాలి, అప్పట్లో నేను నాన్న పక్షమే. కేసు వెయ్యి నాన్నా, డబ్బులు నేను పంపిస్తా అన్నది నేనే. ఆ మాట అన్నందుకు ఇప్పుడు బాధగా ఉంటుంది. వెయ్యకూడదని కాదు, వేసేముందు ఒక్కసారి బాబాయి దగ్గరికి వెళ్ళి ఆ బోరు సంగతి ఏంటని అడగలేదు నేను.

వాయిదాల సంగతి కోర్టు మెట్లెక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటి బస్సు, పదిన్నరకి పిలుపు, జడ్జి గారు సెలవు, లేదా అవతలి ప్లీడరు టైమ్ అడిగారు, లేదా ఇవాళ అంతా క్రిమినల్ కేసులు చూస్తున్నారు, మళ్ళీ నెలకో నెలన్నరకో డేటు. నాన్న, బాబాయి ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళు, ఒకళ్ళు ముందు డోరు, ఒకళ్ళు వెనక డోరు. దేశంలో జిల్లా కోర్టుల స్థాయిలోనే 4 కోట్ల పైన కేసులు పెండింగ్‌లో ఉన్నాయంటే ఆ నంబరు వినటానికి పెద్దగా ఏం అనిపించదు, కానీ ఒక్కో కేసు వెనక ఇలాంటి బస్సు ప్రయాణాలు ఎన్ని ఉంటాయో లెక్కేస్తే అప్పుడు తెలుస్తుంది.

తీర్పులో కోర్టు తప్పేం చెయ్యలేదు, అది ముందే చెప్తున్నా. రిజిస్ట్రేషన్ లేని ఆ 1994 కాగితం పంపకాలకి సాక్ష్యంగా చెల్లదన్నారు. అత్తయ్యకి కూడా సమాన వాటా అన్నారు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఎన్టీఆర్ టైమ్‌లోనే వచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి, కానీ అప్పటికే పెళ్ళయిపోయినవాళ్ళకి వర్తించదు, అత్తయ్య పెళ్ళి 1981లో. తర్వాత 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని మార్చినప్పుడు పెళ్ళయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం అయింది. సో తలా మూడో వంతు, 1 ఎకరా 40 సెంట్లు. చట్టం ప్రకారం నూటికి నూరు కరెక్ట్. కానీ బాబాయి బోరు? అది ఫైనల్ డిక్రీ అప్పుడు చూసుకోండి అన్నారు. ఇది ప్రిలిమినరీ డిక్రీ మాత్రమేనని, వాటాలు ఎంతెంతో చెప్తుంది తప్ప ఏ ముక్క ఎవరిదో చెప్పదని, దానికి మళ్ళీ పిటిషన్ వేసి, అడ్వకేట్ కమిషనర్ (పొలం చూసి రమ్మని కోర్టు పంపే లాయరు) వచ్చి, సర్వేయర్‌తో కొలిపించి, రిపోర్టు మీద అభ్యంతరాలు విని, అప్పుడు ఫైనల్ డిక్రీ అవుతుందని మాకు గెలిచాకే అర్థమైంది.

బాబాయి జిల్లా కోర్టులో అప్పీలు వేశాడు, స్టే వచ్చింది, తర్వాత కరోనా వచ్చింది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈలోపు ఆ తూర్పు పక్క పొలం నాలుగేళ్ళు బీడు పడి ఉంది. కంప చెట్లు మొలిచాయి.

2022లో అప్పీలు విచారణకి వచ్చిన రోజు జడ్జి గారు ఫైలు తిరగేసి, ఇది అన్నదమ్ముల వ్యవహారం, మీడియేషన్‌కి పంపిస్తా, మీకేమన్నా అభ్యంతరమా అని అడిగారు. నాన్నకి కోపం వచ్చింది. "మళ్ళీ పంచాయితీనా, ఆ పంచాయితీ వల్లే కదా ఇంత దూరం వచ్చింది" అన్నాడు నాతో ఫోన్లో. నేనూ అలాగే అనుకున్నా. అవతల బాబాయి కూడా వాళ్ళింట్లో ఇదే మాట అన్నాడని తర్వాత తెలిసింది.

కానీ పంచాయితీకీ దీనికీ తేడా ఉంది, ఆ తేడా మాకు లోపల కూర్చున్నాకే తెలిసింది. రచ్చబండ మీద పెద్దమనిషి తీర్పు చెప్తాడు. ఆయనకి ఇద్దరిలో ఒకరు బంధువో, ఒకరి దగ్గర బాకీనో ఉంటుంది, ఊరి ముందు కూర్చోబెట్టి ఒప్పుకో అంటాడు, ఒప్పుకోకపోతే పరువు పోద్ది. మీడియేటర్ తీర్పు చెప్పదు. ఎవరు రైటు ఎవరు తప్పు అని అనదు. లోక్ అదాలత్ కూడా వేరు, అక్కడ ఒక్క రోజులో చాలా కేసులు పెడతారు, అప్పటికే మాట కుదిరినవి, డబ్బు లెక్కలు, చెక్ బౌన్సులు, యాక్సిడెంట్ కేసులు లాంటివి బాగా తేలతాయి, అక్కడ ఇచ్చిన ఉత్తర్వు (అవార్డు అంటారు) మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. మాలాంటి ముడి పడిపోయిన దానికి మాత్రం కూర్చుని విప్పుకునే టైమ్ కావాలి.

కోర్టు ఇలా పంపించటం అప్పటికప్పుడు జడ్జి గారికి తట్టిన ఆలోచన కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 89 అని ఒకటి ఉంది, 2002 జూలై 1 నుంచి అమల్లో ఉంది, రాజీకి అవకాశం కనిపిస్తే కోర్టు కేసుని మధ్యవర్తిత్వానికో, లోక్ అదాలత్‌కో పంపించవచ్చు. 2010లో సుప్రీంకోర్టు ఆఫ్కాన్స్ కేసులో ఏవి పంపించాలో ఏవి పంపించకూడదో వివరంగా చెప్పింది, పంపించదగ్గ వాటిలో కుటుంబ ఆస్తి పంపకాలు, ఇరుగుపొరుగు తగాదాలు, భార్యాభర్తల కేసులు ఉన్నాయి. అంటే మా దావా 2011లో వేసేటప్పటికే ఈ దారి ఉంది. మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

గది చిన్నది, గుండ్రటి టేబులు, ఎత్తు మీద కుర్చీ లేదు, గౌను లేదు, బంట్రోతు అరుపు లేదు. మీడియేటర్ ఒక యాభై ఏళ్ళ లాయరమ్మ, వేరే ఊరి ఆవిడ, దీనికోసం 40 గంటల ట్రైనింగ్ అయ్యారంట. మొదటి పావుగంట ఆవిడ చెప్పినవి నేను ఫోన్లో నోట్ చేసుకున్నా. నేను జడ్జిని కాదు. ఇక్కడ అన్న మాట ఈ గది దాటి పోదు, రేపు కుదరక కేసు వెనక్కి వెళ్తే ఇక్కడ నువ్వు ఇలా ఒప్పుకున్నావు కదా అని కోర్టులో ఎవరూ అనకూడదు, నన్ను కూడా సాక్షిగా పిలవకూడదు, నేను జడ్జి గారికి పంపేది ఒకటే, కుదిరింది లేదా కుదరలేదు, ఎవరి వల్ల కుదరలేదో కూడా రాయను. ఎవరికి ఇష్టం లేకపోయినా ఏ నిమిషంలోనైనా లేచి వెళ్ళిపోవచ్చు. మాకు ఫీజు ఏం పడలేదు, కోర్టు పంపించిన మీడియేషన్ కాబట్టి.

ఆ రహస్యం మాట ఎంత పెద్దదో అప్పుడు అర్థం కాలేదు. పదకొండేళ్ళు ఇద్దరూ ప్లీడర్లు చెప్పినట్టు మాట్లాడారు. బోరు నీళ్ళు వాడుకున్నావా అంటే నాన్న "వాడుకోలేదు" అనాలి, ఎందుకంటే వాడుకున్నా అంటే పంపకాలు ఒప్పుకున్నట్టు అవుద్దని. దారి ఉండేదా అంటే బాబాయి "లేదు" అనాలి. కోర్టులో ఒప్పుకోలు అంటే ఓటమి. ఇక్కడ మొదటి రోజే బాబాయి ముప్పావుగంట ఆపకుండా మాట్లాడాడు, అప్పు ఎవరి దగ్గర తెచ్చాడో, వడ్డీ ఎంతో, పిన్ని మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టింది ఎప్పుడో, అన్నయ్య ఒక్క మాట కూడా "నువ్వు వేయించిన బోరురా" అనలేదని. నాన్న కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ మధ్యలో ఆపలేదు. అయ్యాక బాబాయి చెప్పిందంతా తన మాటల్లో మళ్ళీ చెప్పి, ఇంతేనా, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా అని అడిగారు. కోర్టులో ఒక్కసారి కూడా ఎవరూ అలా అడగలేదు వాళ్ళని.

రెండో సారి ఆవిడ రెండు తెల్ల కాగితాలు ఇచ్చి, నేను మీ పొలం చూడలేదు, ఎవరికి వాళ్ళు గీసి చూపించండి అన్నారు. నాన్న గీసినదాంట్లో దక్షిణపు గట్టు వెంట బండి బాట ఉంది, బాబాయి గీసినదాంట్లో లేదు. కానీ బాబాయి చింతచెట్టు గట్టుకి ఇవతల పెట్టాడు. నాన్న చూసి "చెట్టు అవతలి పక్కది కదరా, ఇటుంటే నాగలి ఎట్లా తిరిగేది" అన్నాడు. బాబాయి ఆలోచించి కొట్టేసి మళ్ళీ గీశాడు. అలా చెట్టు జరిపేసరికి గట్టు పక్కన ఖాళీ కనిపించింది, ఆ ఖాళీ ఏంటంటే అదే బాట, తాతయ్య టైమ్‌లో ఎద్దులబండి పోయిన బాట. బాబాయే అన్నాడు, "బండి పోయేది, ట్రాక్టర్ పట్టదు" అని. ఇంక అక్కడ్నుంచి మాట, దారి ఉందా లేదా అన్నది పోయి, ఎన్ని అడుగులు అన్నదాని మీదకి వచ్చింది. నాన్న పన్నెండు అన్నాడు, బాబాయి ఎనిమిది అన్నాడు.

మూడోసారి ఒక్కొక్కళ్ళని విడిగా పిలిచారు. అత్తయ్యతో గంట పైనే మాట్లాడారు, మమ్మల్ని ఎవర్నీ రానివ్వలేదు, అత్తయ్య కొడుకుని కూడా. ఇది నాకు బాగా నచ్చిన విషయం. మన ఇళ్ళల్లో ఆడపిల్లతో సంతకం పెట్టించుకోవటం ఎలా ఉంటుందో తెలుసు కదా, పసుపు కుంకుమ కింద చీర పెట్టి, తమ్ముళ్ళ మీద ప్రేమ ఉంటే రాసిచ్చెయ్యి అంటారు. అత్తయ్య కూడా మొదట్నుంచీ నాకేం వద్దు అంటూనే ఉంది, మేమంతా అదే నిజం అనుకున్నాం. బయటికొచ్చాక చెప్పింది, "నాకు నలభై సెంట్లు కావాలి, రోడ్డు పక్కన, నా పేరున పాసు పుస్తకం ఉండాలి, మిగతా ఎకరం మీరిద్దరూ కొనుక్కోండి, ఊరికే ఇవ్వను" అని. నాన్న, బాబాయి మొహాలు చూసుకున్నారు. ఇన్నేళ్ళలో ఆవిడని ఏం కావాలని అడిగింది ఆ మీడియేటర్ ఒక్కరే.

నాలుగోసారి దాదాపు చెడిపోయింది. ఎకరం రేటు దగ్గర. బాబాయి లేచి చెప్పులేసుకున్నాడు కూడా. అప్పుడు ఆవిడ ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగారంట, ఇది కుదరకపోతే మీకు ఏం జరుగుతుంది, ఎన్నేళ్ళు, ఎంత ఖర్చు, ఆఖరికి మీరే గెలిస్తే చేతికి వచ్చేది ఏంటి అని. నాన్నకి అరవై ఎనిమిది అప్పటికి. ఈ అప్పీలు, తర్వాత హైకోర్టు, తర్వాత ఫైనల్ డిక్రీ, తర్వాత ఎగ్జిక్యూషన్ (ఆ డిక్రీని అమలు చేయించుకోవటం), వేళ్ళ మీద లెక్కపెట్టాడంట. మా ప్లీడరు గారు కూడా ఆ రోజు చాలా సాయం చేశారు, అది చెప్పకపోతే తప్పు. లాయర్లకి రాజీ ఇష్టం ఉండదని అందరూ అంటారు, ఆయన మాత్రం నాన్నని పక్కకి తీసుకెళ్ళి "బోరు మీద మన క్లెయిమ్ వదిలెయ్యండి, అది మనకి రాదు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు.

ఐదోసారికి కుదిరింది. రెండున్నర నెలలు, ఐదు సిట్టింగులు. పడమర రోడ్డు పక్క ఉత్తరపు మూల 40 సెంట్లు అత్తయ్యకి. బోరుతో సహా మిగతా పడమర భాగం 1 ఎకరా 90 సెంట్లు బాబాయికి, తూర్పు 1 ఎకరా 90 సెంట్లు నాన్నకి. దక్షిణపు గట్టు వెంట పది అడుగుల దారి, ఇద్దరూ చెరి ఐదు అడుగులకి ఖర్చు పెట్టి మట్టి తోలించాలి. బోరు పూర్తిగా బాబాయిది, దాని మీద నాన్నకి ఏ హక్కూ లేదని రాశారు, దానికి బదులు నాన్న తన బోరు వేయించుకునేదాకా, ఎక్కువలో ఎక్కువ రెండేళ్ళు, వారానికి మూడు రోజులు నీళ్ళు. ఏ మూడు రోజులో కూడా రాశారు, మంగళ, గురు, శని. అత్తయ్యకి డబ్బులు మూడు విడతల్లో, మిరపకాయలు యార్డుకి వేసిన నెలలోపు. కట్టకపోతే వడ్డీ ఎంతో కూడా రాసుకున్నారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు, ప్లీడర్లు పెట్టారు, అది కోర్టుకి వెళ్ళి రాజీ డిక్రీ అయింది. దావాలో ఉన్న ఆస్తి గురించే కాబట్టి మళ్ళీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని, దావాలో లేని ఆస్తి ఏదన్నా కలిపితే మాత్రం దానికి రిజిస్ట్రేషన్ చేయించాల్సిందేనని చెప్పారు. 1994 కాగితానికీ దీనికీ అదే తేడా, అదీ నలుగురు కూర్చుని రాసుకున్నదే, కానీ దానికి విలువ లేదు, ఇది ఎవరన్నా తప్పితే డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు.

ఇప్పుడు ఆలోచిస్తే, మంగళ గురు శనివారాలు నీళ్ళు అని ఏ జడ్జి గారు తీర్పు రాస్తారు? పంట అమ్మిన నెలలోపు అని ఎలా రాస్తారు? దావాలో ఏం అడిగామో దాని మీదే కోర్టు తీర్పు ఇవ్వగలదు, మేము అడిగింది వాటా. మాకు నిజంగా కావాల్సింది ట్రాక్టర్ దారి, రెండేళ్ళ నీళ్ళు, బాబాయికి కావాల్సింది ఆ బోరు తనదని అన్నయ్య నోటితో ఒప్పుకోవటం, అత్తయ్యకి కావాల్సింది ఒక పాసు పుస్తకం. ఇవేవీ మేము వేసిన దావా కాగితంలో (ప్లెయింటులో) లేవు.

అయితే ప్రతిదానికీ ఇదే మందు అని నేను అనను, ఇది గట్టిగా చెప్పాలి. మా పెద్దమ్మ కూతుర్ని అత్తారింట్లో కొట్టేవాళ్ళు, మూడుసార్లు పెద్దలు కూర్చుని సర్దుకుపోమ్మా అని పంపించారు, నాలుగోసారి అది పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది, వెళ్ళి మంచి పని చేసింది. కొట్టేవాడి ఎదురుగా కూర్చోబెట్టి నీకేం కావాలో చెప్పు అంటే ఎవరు చెప్తారు. భయం ఉన్నచోట రాజీ ఉండదు, అక్కడ కోర్టే కావాలి. అలాగే ఫోర్జరీ చేసి ఆస్తి రాయించుకుంటే, మైనర్ల ఆస్తి మీద కన్నేస్తే, అలాంటివి కోర్టులోనే తేలాలి, ఆఫ్కాన్స్ తీర్పులో పంపించకూడదన్న వాటిలో సీరియస్ మోసం, ఫోర్జరీ ఆరోపణలు ఉన్న కేసులు ఉన్నాయి. మరోపక్క, మన హైకోర్టు నుంచే వెళ్ళిన ఒక భార్యాభర్తల కేసు ఉంది, 1999లో పెళ్ళయిన ఒకట్రెండు రోజుల్లోనే రెండు వైపుల పెద్దల మధ్య గొడవై విడిపోయారు, ఆ తర్వాత కేసుల మీద కేసులు, సుప్రీంకోర్టులో తేలింది 2013లో. ఆ తీర్పులోనే కోర్టు, ఇలాంటివి మొదట్లోనే మీడియేషన్‌కి పంపాలని, కేసు వెయ్యకముందే సలహా ఇచ్చే డెస్కులు మీడియేషన్ సెంటర్లలో పెట్టాలని చెప్పింది. పద్నాలుగేళ్ళు. ఆ ఇద్దరి వయసూ అందులోనే పోయింది.

ఇంకోటి, రెండు పక్కలా ఇష్టం లేకపోతే ఎంత పెద్దవాళ్ళు పూనుకున్నా కుదరదు. 2021 ఆగస్టులో కృష్ణా నీళ్ళ గురించి ఆంధ్రా వేసిన కేసు అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ గారి ముందుకొచ్చింది. నేను రెండు రాష్ట్రాలకీ చెందినవాడిని, దీన్ని న్యాయపరంగా వినదలుచుకోలేదు, మధ్యవర్తిత్వంతో తేల్చుకుంటే సాయం చేస్తా అన్నారు. ఆంధ్రా తరఫున, లేదండీ విచారణే కావాలన్నారు, ఆయన వేరే బెంచికి పంపించేశారు.  మా ఇంట్లో కూడా 2012లోనో 2013లోనో పంపించి ఉంటే కుదిరేది కాదేమో అనిపిస్తుంది, అప్పుడు ఇద్దరికీ పౌరుషం ఎక్కువ, ఒంట్లో ఓపికా ఎక్కువ. కానీ ఒక్కసారి ప్రయత్నిస్తే పోయేదేం లేదు, కుదరకపోతే కేసు ఎక్కడుందో అక్కడికే వస్తుంది.

మాది అయిపోయాక 2023లో దీనికంటూ విడిగా మీడియేషన్ చట్టం వచ్చింది. అన్ని సెక్షన్లూ ఒకేసారి అమల్లోకి తేలేదు, ఆ అక్టోబర్ 9న కొన్నింటితో మొదలుపెట్టారు. 120 రోజుల్లో పూర్తి చెయ్యాలి, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 60 రోజులు అని అందులో ఉంది. రాసుకున్న ఒప్పందానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం, మోసమో, ఒకరి బదులు ఇంకొకరు సంతకం పెట్టటమో లాంటివి ఉంటే తప్ప దాన్ని సవాలు చెయ్యటానికి లేదని కూడా అందులో రాశారు. ఊళ్ళో శాంతి చెడే తగాదాలకి కమ్యూనిటీ మీడియేషన్ అని కూడా పెట్టారు, అది సరిగ్గా అమలైతే మన రచ్చబండల్లో ఉన్న మంచి మిగిలి చెడు పోతుందని నా ఆశ. వ్యాపార తగాదాల్లో అయితే అర్జెంటు స్టే లాంటిది అడగకపోతే కమర్షియల్ కోర్టుకి వెళ్ళేముందు మీడియేషన్ తప్పనిసరి, 2022లో సుప్రీంకోర్టు అది తేల్చి చెప్పింది. 2025 జూలై 1 నుంచి మూడు నెలలు దేశమంతా పెండింగ్ కేసుల్ని మీడియేషన్‌కి పంపించే కార్యక్రమం కూడా నడిపారు.

నాన్న 2023 చివర్లో తన బోరు వేయించుకున్నాడు, రెండొందల యాభై అడుగుల్లో నీళ్ళు పడ్డాయి. పాయింటు చూపించటానికి బాబాయి వచ్చాడు. అలాగని ఇద్దరూ పాత రోజుల్లోలా కలిసిపోయారని చెప్పను, పండక్కి రాకపోకలు ఇప్పటికీ లేవు, నాయనమ్మ ఆసుపత్రి ఖర్చుల లెక్క ఒకటి తేలలేదు, ఇద్దరూ దాన్ని వదిలేశారు. పొలం దగ్గర ఎదురుపడితే మాత్రం మాట్లాడుకుంటారు, తెగులు ఏంటి, మందు ఏం కొట్టావు అని. అత్తయ్యకి రెండు విడతలు టైమ్‌కి వెళ్ళాయి, మూడోది మిరప రేటు పడిపోయి నాన్న రెండు నెలలు లేటు చేశాడు, రాసుకున్న వడ్డీ కట్టాడు, గొడవ కాలేదు.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే, దావా వెయ్యకముందైనా సరే, వేసి ఏ దశలో ఉన్నా సరే, అప్పీల్లో ఉన్నా సరే అడగొచ్చు. నడుస్తున్న కేసు అయితే మీ ప్లీడరు గారితో మీడియేషన్‌కి పంపమని ఒక మెమో వేయించండి. కేసు లేకపోతే కోర్టు కాంపౌండ్‌లోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, నేరుగా వెళ్ళి కాగితం ఇవ్వొచ్చు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. వెళ్ళేటప్పుడు పాసు పుస్తకాలు, అడంగల్, 1బి, ఉంటే పాత పెద్దమనుషుల కాగితాలు కూడా పట్టుకెళ్ళండి, అవి కోర్టులో చెల్లకపోయినా అక్కడ పనికొస్తాయి, ఎవరు దేన్ని నమ్మి ఏం ఖర్చు పెట్టారో వాటిలోనే ఉంటుంది. నిర్ణయం తీసుకోగలిగినవాళ్ళే వెళ్ళాలి, ఇంటికెళ్ళి కనుక్కుని చెప్తా అనేవాళ్ళని పంపిస్తే సిట్టింగులన్నీ వేస్టు. ఇంట్లో అక్కచెల్లెళ్ళు ఉంటే వాళ్ళని మొదటి రోజు నుంచే తీసుకెళ్ళండి, విడిగా మాట్లాడమని మీడియేటర్‌ని మీరే అడగండి.